చందా కట్టినవాడి కర్ర

తాలింఖానాలో నేను కర్రసాము నేర్చుకున్నది పంతొమ్మిది రోజులు. చందా కట్టింది పన్నెండేళ్లు. ఈ మాట చెబితే ముందు నవ్వుతారు, ఆ తర్వాత మరి ఎందుకు కట్టావయ్యా అని అడుగుతారు. మొహమాటం అంటే నమ్మరు. మొహమాటం కొద్దీ పిల్లనిచ్చినవాళ్లను, మొహమాటం కొద్దీ బ్యాంకు కాగితాల మీద జామీను సంతకాలు పెట్టినవాళ్లను నేనెరుగుదును. వాళ్ల ముందు నాది ఏపాటి రోగం?

డెబ్భైల నడిమి మాట ఇది. మేం కంచరపాలెంలో ఉండేవాళ్లం. నాకు ఇరవై ఒక్కేళ్లు. పోర్టు గేటు దగ్గర ఒక ఓడల ఏజెంటు ఆఫీసులో గుమాస్తాగా కొత్తగా చేరాను. సాయంత్రానికి చొక్కా మీద ఎర్రదుమ్ము, జేబులో సిరా మరకలు. మనిషిని చూస్తే అరచేయంత వెడల్పు. మా సందులో ఆడవాళ్లు నన్ను ఎండిన సన్నచేపల పేరు పెట్టి ఎండునెత్తళ్లు అని పిలుచుకునేవారని తర్వాత తెలిసింది. ఆ ఏడు అమ్మవారి పండగలో తాలింఖానా వాళ్లు కర్రలు తిప్పారు. వీధి వీధంతా నోరు తెరుచుకుని వాళ్లనే చూస్తోంది. వాళ్ల పక్కనే ఇస్త్రీ చొక్కా వేసుకుని నిలబడిన నన్ను ఒక్కరు చూస్తే ఒట్టు. ఈ అన్యాయాన్ని సరిచేయాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

తాలింఖానా అంటే పెద్ద కట్టడం అనుకునేరు. రైలు గేటు దాటాక నాలుగో సందులో ఒక పెంకుటిపాక, దాని ముందు మట్టి గోదా, అంతే. లోపల ఆంజనేయస్వామి పటం. పటం కింద గోడకు అడ్డంగా ఒక పలక, పలకకు వరసగా కన్నాలు, కన్నానికో వెదురుకర్ర. వెనకవైపు గురువుగారి ఇల్లు. ఆయన పోర్టులో కలాసీ. పొట్టి మనిషి, కాస్త బొజ్జ కూడా ఉండేది. గొంతు పెంచి మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. మాట్లాడేటప్పుడు మన ముఖం చూసేవారు కాదు, పాదాలు చూసేవారు. ఆయన చూపు కిందికి దిగగానే నా కాలివేళ్లు వాటంతటవే ముడుచుకుపోయేవి.

విజయదశమి నాడు చేరాను. ఆ రోజే అక్కడి పద్ధతులు చెప్పారు. తాలింఖానాలో పుస్తకం, పద్దు, రసీదు అనేవి లేవు. కర్రే సభ్యత్వం. ఎవరి కర్రకు వాళ్ల గుర్తు. నా కర్రకు అడుగున రెండు చుట్లు రాగితీగ చుట్టించారు. ఒకరి కర్ర ఇంకొకరు ముట్టకూడదు, గురువు తప్ప. ఏటేటా దసరా నాడు పటం ముందున్న పళ్లెంలో ఐదు రూపాయలు పెట్టి, ఇంటి నుంచి తెచ్చుకున్న నువ్వుల నూనె మన కర్రకు మన చేత్తో కొస నుంచి కొసదాకా పట్టించి, మన కన్నంలో పెట్టి రావాలి. అదే చందా. నూనె రాసిన రోజు ఏ కర్రనూ తిప్పకూడదు. ఏడాది మొత్తానికి కర్రలకు అదొక్కటే సెలవు.

దసరా పొద్దు గుంకేలోపు నూనె పడని కర్రకు మర్నాడు పట్టే గతి వేరు. దాన్ని కన్నంలోంచి తీసి గురువుగారి ఇల్లాలికి ఇచ్చేసేవారు. ఆవిడ దాన్ని వీధివైపు దొడ్లో పాతి చిక్కుడుపాదు పాకించేది. రైలు గేటుకు వెళ్లే జనమంతా ఆ దొడ్డి పక్క నుంచే పోవాలి. ఏ కర్ర ఎవరిదో అందరికీ తెలుసు. మా సందులో ఒకాయన రెండేళ్లు నేర్చుకుని మానేశాడు. ఆయన కర్ర మీద చిక్కుడు విరగకాసింది. పాపం ఆయన కూరగాయల బండి దగ్గర నిలబడితే చాలు, నీకు చిక్కుళ్లు కొనుక్కునే ఖర్మేంటి అనేవారు. మనిషి చివరికి పెందుర్తిలో ఇల్లు కట్టుకుని వెళ్లిపోయాడు. చిక్కుడు వల్లే వెళ్లాడని మేమంతా నమ్మాం.

ఇక నా పంతొమ్మిది రోజుల గురించి. పాఠం ఒకటే, ఒంటిచేత్తో కర్ర తిప్పడం. నూరు ఇటు, నూరు అటు. తెల్లవారి వెళ్తే గురువుగారు అప్పటికే గోదా దగ్గర ఉండేవారు. ఆయన ఒక కర్ర తీసి తిప్పి, దాన్ని కన్నంలో పెట్టి, ఇంకొకటి తీసి తిప్పి, మళ్లీ ఇంకొకటి తీసేవారు. అలా వరసగా అరడజను కర్రలు. ఇల్లాలు గాజు గ్లాసుతో టీ తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్లేది. ఆయన ఆ కర్రలన్నీ అయ్యాక వచ్చి, తొరక కట్టి చల్లారిపోయిన టీని ఒక్క గుటకలో మింగి డ్యూటీకి పోయేవారు. ఇదంతా మాకు చూపించుకోవడానికేనని, ఈ వయసులో ఇదేం గొప్పలకు పోవడమని నేను మనసులో అనుకునేవాణ్ణి.

నా కర్ర మాత్రం నా మాట వినేది కాదు. మొదటి వారం చెవిని కొట్టింది. రెండో వారం మోకాలి చిప్పను వెతుక్కుని మరీ కొట్టింది. పంతొమ్మిదో రోజు కనుబొమ్మ మీద దెబ్బ పడి నేను గోదాలో కూర్చుండిపోయాను. గురువుగారు వచ్చి నా పాదాలు చూసి, కాళ్లు రెండూ ఒకేవైపు పారిపోదామని చూస్తున్నాయని మెల్లిగా అన్నారు. ఆఫీసులో కన్ను వాచిన సంగతికి మెట్ల మీద జారానని చెప్పాను. మా ఆఫీసుకు మెట్లే లేవు. మర్నాడు జ్వరం అనుకుని పడుకున్నాను. ఆ మర్నాడు నిజంగానే వెళ్దామనుకున్నాను గాని, నిన్నెందుకు రాలేదని అడిగితే ఏం చెప్పాలో తోచలేదు. వారం గడిచాక వారం సంగతి చెప్పాల్సి వచ్చింది. నెల గడిచాక నెల సంగతి. సంక్రాంతి వచ్చింది, పోయింది. ఇక వెళ్లే మొహం లేకపోయింది.

మళ్లీ దసరా దగ్గరపడే కొద్దీ నాకు చిక్కుడుపాదు కలలోకి రావడం మొదలైంది. మానేశానని చెప్పి కర్ర ఇచ్చేసి రావచ్చు, కానీ ఆ మాట అనడానికి నోరు కావాలి. నా దగ్గర ఐదు రూపాయలూ నూనె సీసా ఉన్నాయి, నోరు లేదు. వెళ్లాను. పళ్లెంలో డబ్బు పెట్టాను. భుజం పట్టేసిందని, డాక్టరు వద్దన్నాడని చెప్పుకొచ్చాను. గురువుగారు నా పాదాల వంక చూస్తూ అంతా విని, కర్రకు నూనె బాగా పట్టించమన్నారు. తలుపువైపు చూస్తూ గబగబా నూనె రుద్ది, కర్రను కన్నంలో గుచ్చి, ఒక్క పరుగున బయటపడ్డాను. చెప్పులు మరిచిపోయి మళ్లీ వెళ్లాల్సి వచ్చింది.

ఆ తర్వాత అదే ఆనవాయితీ అయిపోయింది. ఒక ఏడు ఆఫీసులో ఆడిట్ అన్నాను. ఒక ఏడు టైపు పరీక్ష. ఒక ఏడు నా జాతకంలో వెదురు గండం ఉందన్నాను. అది నాకే కొంచెం ఎక్కువనిపించింది. ఆయన ఒక్కసారి కూడా కాదనలేదు, నిలదీయలేదు, రేపట్నుంచి రమ్మనీ అనలేదు. పాదాలు చూడటం, నూనె బాగా పట్టించమనడం, అంతే. ఏడాదికొక్కసారి ఆ కర్రను చేతిలోకి తీసుకున్నప్పుడు నాకొక సంగతి మాత్రం తెలిసేది. పట్టుకునే చోట వెదురు రానురాను నల్లగా, నున్నగా, అద్దంలా తయారవుతోంది. నా నూనె అంత మంచిదన్నమాట అని సంబరపడేవాణ్ణి. మిగతావాళ్లు గానుగ నూనె కాకుండా బజారు నూనె తెస్తారని వాళ్ల మీద జాలిపడేవాణ్ణి కూడా.

సభ్యత్వం వల్ల లాభం లేకపోలేదు. ఒకసారి కిరసనాయిలు క్యూలో నా కంటే రెండింతలున్న మనిషి నన్ను తోసి ముందుకు వచ్చాడు. తాలింఖానా సభ్యుణ్ణని మెల్లిగా అన్నాను. వాడు నా భుజాల వంక చూశాడు, అనుమానంగానే చూశాడు, అయినా ఎందుకైనా మంచిదని వెనక్కి తగ్గాడు. ఐదు రూపాయలకు ఇంకేం కావాలి? కానీ అసలు లాభం, అసలు చిక్కు కూడా, నా పెళ్లితో వచ్చాయి.

మా మామగారు పెందుర్తి దాటాక ఒక పల్లెటూరి రైతు. గరిడీ అంటే ప్రాణం. ఆ ఊళ్లో కర్ర పట్టని మగవాణ్ణి ఆయన మగవాడి కింద జమకట్టరు. వాళ్లమ్మాయికి మూడు సంబంధాలు వచ్చాయి. మిగిలిన రెండూ నాకంటే మంచి జీతాలు. పిల్లవాడు కసరత్తు చేస్తాడా అని ఆయన అడిగారు. మా అమ్మ ఛాతీ విరుచుకుని, మావాడు తాలింఖానాలో సభ్యుడు, ఏటేటా దసరాకు వెళ్లి స్వయంగా కర్రకు నూనె రాసి వస్తాడు అని చెప్పింది. అందులో ఒక్క అబద్ధం లేదు. నేను పక్కనే కూర్చుని తలవంచుకున్నాను. ఆయన అది వినయం అనుకున్నారు. ఆ రెండు సంబంధాలూ వదిలేసి నాకు పిల్లనిచ్చారు. ఆయన నిజం తెలుసుకుంటే కోప్పడతారని కాదు నా భయం, మంచి మనిషి, నన్ను చూసి నమ్మి మోసపోయానని బాధపడతారని.

మా ఆవిడ దగ్గర ఆ భయం పెళ్లయిన రెండో రోజుకే తీరిపోయింది. నా చేయి తిప్పి చూసి, అరచేతిని వేలితో నొక్కి, "ఇయ్యి కర్ర తిప్పిన సేతులేటండీ? మా నాన్నకి సెప్పన్లెండి" అంది. చెప్పలేదు. అయితే ఆ రోజు నుంచి ఏటా దసరా పొద్దున్న నూనె సీసా తుడిచి, బిరడా బిగించి, నా చేతికిస్తూ దెబ్బలు తగలకుండా జాగ్రత్తగా తిప్పమని చెప్పేది. ఇలాంటి మనిషితో కాపురం చేయడం కంటే కర్ర నేర్చుకోవడమే తేలికేమోనని చాలాసార్లు అనిపించింది.

మామగారు ఏనాడూ దసరాకు విశాఖ రాలేదు. ఆ రోజుల్లో చేను వదిలి రాలేరు. ఆ ధీమాతోనే ఏళ్లు వెళ్లదీశాను. ఈలోగా ఊరు మారింది. స్టీల్ ప్లాంటు పనులు మొదలై మా సందు కుర్రాళ్లు సగంమంది అటు పోయారు. మిగిలిన సగం తెల్లబట్టలు కట్టుకుని ఒక మేడ మీద కరాటే క్లాసుకు పోతున్నారు. తాలింఖానా పలకలో కన్నాలు ఖాళీ అయ్యాయి. గురువుగారి దొడ్లో చిక్కుడు పందిరి విశాలమైంది. ఆయన పోర్టు నుంచి రిటైరయ్యారు. నా కర్ర మాత్రం నా కన్నంలో నిగనిగలాడుతూ అలాగే ఉంది.

పన్నెండో ఏడు మామగారి కళ్లకు శుక్లాలు వచ్చాయి. పెద్దాసుపత్రిలో చూపించడానికి మా ఇంటికి తీసుకొచ్చాం. డాక్టరు పండగ వెళ్లాక రమ్మన్నాడు. ఆ పండగ దసరా. పొద్దున్నే మా ఆవిడ నూనె సీసా తుడుస్తుంటే ఆయన వాసన పట్టేశారు. తానూ వస్తానన్నారు. ఎండ అన్నాను. గొడుగుందన్నారు. నడవాలన్నాను. నడుస్తానన్నారు. మా ఆవిడ నా వంక చూడకుండా లోపలికి పోయింది, నవ్వు ఆపుకోలేక.

ఆయన చేయి పట్టుకుని రైలు గేటు దాటిస్తూ నేను దేవుళ్లందరికీ మొక్కుకున్నాను. తాలింఖానాలో గురువుగారితో పాటు నలుగురైదుగురు ఉన్నారు. మామగారు గుమ్మంలోనే వంగి మట్టి కళ్లకద్దుకున్నారు. నేను పళ్లెంలో డబ్బు పెట్టి, కర్ర తీసి, నూనె రాయబోతుంటే మామగారు ఇలా ఇమ్మని చేయి చాపారు. ఒకరి కర్ర ఒకరు ముట్టకూడదని అన్నాను. గురువుగారు నా పాదాల వంక చూస్తూ, పరవాలేదు, పెద్దాయన, ఇవ్వమన్నారు. ఇక దారి లేదు. ఇచ్చాను.

కళ్లు కనపడని మనిషి కదా, ఆయన చేత్తోనే చూశారు. కొస నుంచి మెల్లిగా తడుముకుంటూ వచ్చి పట్టుకునే చోట ఆగారు. అక్కడ బొటనవేలు ఆనించి ముందుకూ వెనక్కీ రాశారు. అడుగున రాగితీగ తడిమారు. అది అరిగి దారం పోగంత అయింది. చివరికి ముఖమంతా వెలుగు చేసుకుని అన్నారు, "ఇది రోజూ తిరిగిన కర్ర. ఒక్కపూటైనా మానకుండా తిరిగిన కర్ర. అల్లుడుగోరూ, మీ అమ్మగోరు సెప్పినప్పుడు సగమే నమ్మినాను. తప్పయిపోనాది."

అంత మెప్పు నా జన్మలో ఎవరూ ఇవ్వలేదు, అది నాది కాదన్న సంగతి నాకు మాత్రమే తెలుసు. అంతటితో ఆగితే బాగుండేది. ఆయన నా చేయి కోసం గాలిలో వెతికారు, అరచేతిలో కాయలు తడిమి చూడాలని. గబుక్కున సీసాలోని నూనె రెండు చేతులకూ ఒంపుకుని, నూనె చేతులు మావయ్యా అన్నాను. అయితే ఓపాలి తిప్పమన్నారు, గాలి చప్పుడు వింటానన్నారు. కాళ్లు రెండూ ఒకేవైపు పారిపోదామని చూశాయి. అప్పుడు గురువుగారు, నూనె రాసిన రోజు కర్ర తిప్పడం ఇక్కడ లేదని, ఇవాళ కర్రలకు సెలవని మెల్లిగా చెప్పారు. పద్ధతి తెలిసిన మనిషి, మామగారు వెంటనే దండం పెట్టి ఊరుకున్నారు. మిగతావాళ్లు ఆయన్ని గోదా చూపించడానికి బయటికి తీసుకుపోయారు.

నేనూ గురువుగారూ మిగిలాం. ఆ నలుపు, ఆ నునుపు నూనె వల్ల రాలేదని అప్పటికి నాకు అర్థమైంది. ఎవరో నా కర్ర వాడుతున్నారన్న ఉక్రోషం కూడా వచ్చింది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని.

"గురువుగోరూ, నా కర్ర ఎవులు తిప్పతన్నారు?" అని అడిగాను.

"ఎవులు తిప్పుతారు? నానే" అన్నారు. అంత మామూలుగా అన్నారు. "సందా తీసుకున్నాక పాఠం ఆగకూడదు కదేటి. కట్టినోడు రాకపోతే ఆడి ఇటు నూరూ, అటు నూరూ గురువు తిప్పాల. మా గురువు అలగే సేసీవోడు. నానూ అలగే సేత్తన్నాను."

అరడజను కర్రలు వరసగా తీసి తిప్పిన ఆ పొద్దుటి పూటలు అప్పుడు నాకు గుర్తొచ్చాయి. గొప్పలకు పోతున్నాడనుకున్నాను నేను. రోజూనా అని అడిగాను. రోజూనే, ఇవాళ తప్ప, అన్నారు. ఎంతమందికని అడిగాను. ఒకప్పుడు చాలామంది ఉండేవారట. మిలిటరీకి పోయినవాళ్లు, పెళ్లిళ్లయి అత్తారి ఊళ్లకు పోయినవాళ్లు, బద్ధకస్తులు. అందరూ ఒకటి రెండేళ్లు కట్టి, నూనె మానేసి, ఆయన్ని విడిపించారు. మిగిలింది నేనొక్కణ్ణే.

"ఏటేటా అనుకునీవోడిని, ఈ ఏడైనా మానెత్తాడని" అన్నారు, నా పాదాలతో చెబుతున్నట్టు. "పొద్దు గుంకేదాకా సూసీవోడిని. ఈలోగా నువ్వు సీసా పట్టుకుని సందు మలుపులో కనపడీవోడివి. మా ఇంటిది నీ కర్ర మీద కన్నేసి పన్నెండేళ్లయింది. సిక్కుడుపాదుకి సరిగ్గా సరిపోద్దంటాది."

మరి నాతో ఒక్కమాట అనవచ్చు కదా అని అడిగాను.

"బత్తిగా కడతన్నోడిని మానీమని ఎలగ సెప్తాను?" అన్నారు. ఆయనకూ మొహమాటమే.

పళ్లెం సర్దడానికి ఆయన చేయి చాచినప్పుడు చూశాను. కుడిచేయి భుజం దాటి లేవడం లేదు. రెండేళ్ల నుంచి అంతేనట, ఎడంచేత్తో తిప్పుతున్నారట, కొంచెం ఆలస్యమవుతోంది గాని తిరుగుతోందట. జాతకంలో వెదురు గండం ఉందని ఈ మనిషికే చెప్పాను నేను. నాకు ఏడుపొచ్చింది. అది దాచుకోవడానికి కర్రకు నూనె రాస్తూ కూర్చున్నాను. ఆ రోజు మొదటిసారి తలుపువైపు చూడకుండా రాశాను. నా బొటనవేలు ఆ నున్నటి చోట ఆనింది గాని సరిగ్గా కుదరలేదు. అది ఆయన వేలికి తగ్గట్టు అరిగిన చోటు.

మామగారు దారిపొడుగునా నన్ను పొగుడుతూనే వచ్చారు. నేను ఊఁ కొడుతూ నడిచాను. ఆ రాత్రి అన్నం దగ్గర మా ఆవిడకు జరిగింది చెప్పాను, ఆయన వినకుండా. తను నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. పొద్దున్నే ఎన్నింటికి లేపమంటారని మాత్రం అడిగింది.

లేపింది. పాత తువ్వాలు చేతికిచ్చి, కన్ను జాగ్రత్త అంది. తెల్లవారుతుండగా తాలింఖానాకు వెళ్లేసరికి గురువుగారు అప్పుడే నా కర్ర కన్నంలోంచి తీస్తున్నారు. నన్ను చూసి ఆగారు. ఈసారి పాదాలు చూడలేదు. ముఖం చూశారు. కర్ర నా చేతికిచ్చి, వెళ్లి అరుగు మీద కూర్చున్నారు. ఆ మనిషి గోదా ముందు ఖాళీ చేతులతో కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ఆయనకూ అది కొత్తగానే ఉన్నట్టుంది, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకుని, మళ్లీ తీసి, మళ్లీ పెట్టుకున్నారు.

నేను తిప్పడం మొదలుపెట్టాను. ఆయన పైకి లెక్కపెడుతున్నారు. ఎనిమిది దగ్గర చెవి తప్పించుకుంది. పదిహేను దగ్గర మోకాలు తప్పించుకోలేకపోయింది. ఇరవై దాటేసరికి ముప్పై మూడేళ్ల గుమాస్తా భుజం అయ్యో అంది. వెనక తలుపు తీసుకుని ఇల్లాలు టీ గ్లాసుతో వచ్చింది. ఎప్పటిలాగే అరుగు మీద పెట్టబోయి, మొగుడు అక్కడే కూర్చుని ఉండటం చూసి గ్లాసు ఆయన చేతికిచ్చింది. నన్నూ, నా చేతిలో కర్రనూ చూసి, చిక్కుడు మీద ఆశ వదులుకున్న ముఖంతో లోపలికి పోయింది.

ఆయన అలవాటు కొద్దీ ఒక్క గుటకలో మింగబోయారు. నాలుక చుర్రుమంది. ఉలిక్కిపడి గ్లాసు దించి, అందులోకి విడ్డూరంగా చూశారు. టీ మీంచి ఆవిరి లేస్తోంది. నేను కంగారుపడి కర్ర ఆపేశాను.

"ఆపకు" అన్నారు గురువుగారు. "నువ్వు తిప్పు. నాను ఊదుకుంటాను."